ముక్కాయనా, కోడిపెంట చెట్టూ

కాన్ తియాన్‌సెంగ్ ఈ లోకంలో దేన్నయినా సరే ముక్కుతో పరీక్ష చేశాకే ఒప్పుకునేవాడు. కళ్ళు మోసపోతాయనీ, చెవులు చాడీలు వింటాయనీ, నాలుక ఎవరు తిండి పెడితే వాళ్ళకి అమ్ముడుపోతుందనీ ఆయన అభిప్రాయం. నిజాయితీ గల అవయవం ముక్కొక్కటే. బస్సు టికెట్టు చేతికిస్తే వాసన చూసి జేబులో పెట్టుకునేవాడు. ఊరి దేవుడు నేలతాత గుడిలో నైవేద్యానికి తెచ్చిన కోడి మీదికి అందరికంటే ముందు ఆయనే వంగి, గట్టిగా పీల్చి, "ఊఁ, పెట్టొచ్చు" అని దేవుడి తరఫున అనుమతి ఇచ్చేవాడు. దారిలో మనిషి ఎదురైతే బాగున్నావా అనడు. మెడ దాకా ముక్కు తీసుకొచ్చి, కళ్ళు మూసుకుని పీల్చి, "ఊఁ" అంటాడు. కుశలప్రశ్నలన్నీ ఆ ఊఁలోనే. ఖెంగ్‌లాయ్ లోయలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేది ప్రభుత్వమూ, పక్కింటావిడా మాత్రమే. మిగతా అందరికీ ఆయన ముక్కాయన.

కోడలు సూబాన్‌కి ఈ సంగతి పెళ్ళిరోజు దాకా ఎవరూ చెప్పలేదు.

సూబాన్‌ది కీలుంగ్ రేవు. పుట్టింటివాళ్ళు తరతరాలుగా చేపలమ్మి బతికినవాళ్ళు. ఎన్ని సబ్బులు అరగదీసినా ఆ నీచు గోళ్ళ సందుల్లో ఎక్కడో నక్కి ఉంటుందని ఆ పిల్లకి చిన్నప్పట్నుంచీ దిగులు. పెళ్ళినాడు ఆచారం ప్రకారం నిప్పుల కుండ దాటి అత్తవారి గడపలో కాలు పెట్టేసరికి, ముందు వరసలో ఇద్దరు ఆడవాళ్ళు ఒకరి చెవిలో ఒకరు ఏదో చెప్పుకుని చేతిరుమాళ్ళు ముక్కులకి అడ్డం పెట్టుకున్నారు. సూబాన్ తల నేలకి దిగిపోయింది. సరిగ్గా అప్పుడే మామగారు జనాన్ని మోచేతులతో తోసుకుంటూ వచ్చి, కొత్త కోడలి మెడ దగ్గర ముక్కుపెట్టి, ఊపిరితిత్తులు నిండేలా పీల్చాడు.

"సముద్రం!" అని అరిచాడాయన. "ఒరే, మనం పుట్టి బుద్ధెరిగి కొండ వాసన తప్ప ఎరగం. ఇన్నాళ్ళకి మా ఇంటికి సముద్రం తన కాళ్ళమీద తను నడిచొచ్చిందిరా!"

అందరూ పగలబడి నవ్వారు. పొగిడాడో, పరువు తీశాడో సూబాన్‌కి అర్థం కాలేదు. ఆ సాయంత్రం మొగుడు జిన్‌హోక్‌ని పట్టుకుని ఏడ్చినంత పని చేసింది. జిన్‌హోక్ ఆ లోయలో తిరిగే చిన్న రైలు నడుపుతాడు. నిదానస్తుడు.

"నీ అదృష్టం, మెడ దగ్గరే ఆగాడు" అన్నాడు. "నా స్నేహితుడు ఇంటికొస్తే చంకలో చూశాడు."

కాపురం మొదలయ్యాక ఇంకో వింత బయటపడింది. ముక్కు అంత చురుకైనవాడు ఒక్కోసారి అసలు ముక్కే లేనట్టు ఉండేవాడు. ఓ మధ్యాహ్నం సూబాన్ పొయ్యిమీద చేప పెట్టి బట్టలు ఉతకడానికి పెరట్లోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి చేప బొగ్గయింది. ఇల్లంతా మాడు కంపు, పక్కింటి కుక్క తుమ్ముతోంది. మామగారు మాత్రం పొయ్యికి బారెడు దూరంలో, వీపు అటు పెట్టి, తలుపులోంచి కొండకేసి చూస్తూ నిశ్చింతగా కూర్చున్నాడు.

"మామయ్యా! చేప!"

ఆయన ఉలిక్కిపడి లేచి, మూకుడు మీదికి వంగి పీల్చాడు. "ఊఁ. ఘుమఘుమలాడుతోంది" అని, ఆ బొగ్గుముక్కని గంజిలో నంజుకుని తిన్నాడు. కోడలు బాధపడుతుందని అలా అన్నాడులే అనుకుంది సూబాన్. ఆ రోజు నుంచి ఆయన మీద ఆమెకి కాస్త ఇష్టం మొదలైంది.

ఇష్టం మొదలైంది గానీ ఆయనతో అడవికి వెళ్ళాలంటే మాత్రం ప్రాణం మీదికొచ్చేది.

ఖెంగ్‌లాయ్‌లో శీతాకాలం అంటే వానే. సన్నగా, చప్పుడు లేకుండా, నెలల తరబడి పడుతుంది. కొండమీంచి పొగమంచు దిగితే ఎదురుగా చాచిన చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయినట్టుంటుంది. మూతపడ్డ బొగ్గుగని నోరు ఆ మంచులో నల్లగా తెరుచుకుని కనిపిస్తుంది. అలాంటి రోజుల్లోనే అడవిలో ఎర్రటోపీ తిరుగుతుందంటారు. దాని అసలు పేరు ఎవరూ పలకరు. చిన్నపిల్లంత ఉంటుంది, వెనకనుంచి మనల్ని పేరు పెట్టి పిలుస్తుంది. పలికామా, చెయ్యి పట్టుకుని తీసుకుపోతుంది. కూర్చోబెట్టి విందు పెడుతుంది. తర్వాత దొరికినవాళ్ళ నోట్లో చూస్తే మట్టీ, ఆకులూ, మిడత కాళ్ళూ.

ముక్కాయనకి ఈ విషయంలో సొంత సిద్ధాంతం ఉంది. గనిలో పనిచేసినన్నాళ్ళూ కొత్త సొరంగంలోకి ముందు ఆయన ముక్కు వెళ్ళేది, వెనక మనుషులు వెళ్ళేవాళ్ళు.

"వాసన ఉన్నదానికి భయపడక్కర్లేదమ్మాయ్" అనేవాడు. "పొగ ఉంది, అది మర్యాదస్తురాలు, చెప్పి వస్తుంది. వాసన లేని గాలి ఒకటుంటుంది. చప్పుడు చెయ్యదు, దగ్గు రానివ్వదు. పక్కన కూర్చుని జోకొట్టినట్టు మనిషిని నిద్రపుచ్చేస్తుంది. ఎర్రటోపీ కూడా అంతే. దానికి వాసనుండదు. వాసన లేనిది మనది కాదు."

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన నవ్వేవాడు కాదు.

అందుకే అడవిలోకి అడుగు పెట్టగానే ఆయన చేసే మొదటి పని తనతో వచ్చినవాళ్ళకి కంపు పట్టించడం. దానికో చెట్టుంది. చెట్టంటే నడుమెత్తు పొద. పెద్ద చెట్ల నీడలో, ఎండ పడని చోట పెరుగుతుంది, ఏ కాలంలోనూ ఆకు రాల్చదు. చలికాలం అడవంతా ముడుచుకున్నప్పుడు అది పళ్ళు కాస్తుంది. బఠాణీ గింజంత పళ్ళు. వాటి రంగు చూస్తే ఎంత కడుపు నిండినవాడికైనా నోరూరుతుంది. నెమలి మెడ మీద మెరిసే నీలం, అంత నిగనిగ. మొదటిసారి చూసినప్పుడు సూబాన్ వెదురు మొలకల బుట్ట కింద పడేసి, నాలుగు పళ్ళు కోసి నోటి దాకా తీసుకెళ్ళింది.

మామగారు చేతిమీద ఒక్కటిచ్చాడు. పళ్ళు ఎగిరిపడ్డాయి.

"ముందు వాసన, తర్వాత పేరు, ఆ తర్వాతే నోరు! పళ్ళకేం, అందరితోనూ నవ్వుతూ మాట్లాడతాయి. ఆకునడుగు. నలిపి చూడు."

సూబాన్ ఓ ఆకు తుంచి నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది. పాత కోళ్ళగూడు తలుపు తీసి అందులో తల పెట్టినట్టుంది.

మామగారు ఆకు వంక చూడలేదు, ఆమె మొహం వంకే చూస్తున్నాడు. మొహం వంకర తిరగ్గానే, "అద్గదీ! కోడిపెంట చెట్టు!" అని చేతులు చరిచాడు. "దీనికో మారుటి చెల్లెలుంది, జ్వరాకు. దాని పళ్ళూ ఇదే నీలం. చలిజ్వరానికి తాతలు దాని వేరు కాచి తాగేవాళ్ళు. జ్వరం కంటే ముందు పేగులు బయటికొచ్చేవి. ఇది చూడు, ఆకు అంచు నున్నగా ఉంది, పళ్ళు ఆకు మొదట్లో కాడని అంటిపెట్టుకుని ఉన్నాయి. జ్వరాకుకైతే అంచులు రంపం పళ్ళు, గుత్తి కొమ్మ చివర. ఇంతలా కంపూ కొట్టదు. రెండూ మనం తినేవి కావు, పిట్టలవి. కానీ ఇది తిట్టి వదిలేస్తుంది, అది పట్టుకుంటే వదలదు."

ఇలా చెబుతూనే ఆకులు గుప్పెడు నలిపి ఆమె మెడకీ, మణికట్లకీ, జాకెట్టు కాలరుకీ పట్టించేశాడు.

"ఛీ, మామయ్యా! మళ్ళీ తలంటు పోసుకోవాలి!"

"పోసుకో. ఇంటికెళ్ళాక పోసుకో. అడవిలో కంపు కొట్టేవాళ్ళు బతికున్నవాళ్ళు."

ఇంటికొచ్చేసరికి గోడ అవతల నుంచి బోంగ్యో పిన్ని అరుపు తయారుగా ఉండేది.

బోంగ్యో అంటే ఆ ఊరి భాషలో 'సరే, పెంచుదాంలే' అని. మళ్ళీ ఆడపిల్లే పుట్టిందని తండ్రి పెట్టిన పేరది. ఎవరికీ అక్కర్లేకుండా వచ్చినందుకో ఏమో, ఆవిడ జీవితమంతా ఎవరూ వేలెత్తి చూపలేనంత శుభ్రంగా బతికింది. ఎప్పుడో మొగుడు పోయాడు, ఒంటరి మనిషి. వాకిలి కడిగి, కడిగిన నీళ్ళని తుడిచి, తుడిచిన గుడ్డని ఉతికి, ఉతికిన గుడ్డ ఆరేసే తీగని తుడిచేది. ఆవిడ దుప్పట్ల తెలుపు ముందు కొండమంచు మాసినట్టుండేది. అలాంటావిడకి పక్కింట్లో ముక్కాయన. ఆయన చెడిపోయిన ఊరగాయ జాడీ పక్కన కూడా హాయిగా కునుకు తీయగలడు.

"తియాన్‌సెంగ్! మళ్ళీ ఆ దరిద్రపు ఆకు తెచ్చావూ? నా దుప్పట్లు ఆరేశానయ్యా!"

"నీ దుప్పట్లకి ఏ వాసనా ఉండదు వదినా, అదే వాటి లోపం. కాస్త పట్టనీ."

"నువ్వు చస్తే నిన్ను కడగడానికి కూడా ఎవరూ రారు!"

"నువ్వొస్తావులే. నువ్వు ఊరుకోలేవు."

రోజూ ఇదే. సూబాన్‌కి గోడకి ఇటువైపు నవ్వు ఆగేది కాదు.

అయితే ఆ శీతాకాలం బోంగ్యో పిన్నిలో ఏదో తేడా వచ్చింది. కడిగిన వాకిలే మళ్ళీ కడిగేది. ఓసారి సూబాన్‌ని చూసి, "ఎవరమ్మాయివి నువ్వు?" అంది, వెంటనే నవ్వేసి సర్దుకుంది. ఓసారి చెప్పులు తీసి బియ్యం డబ్బాలో పెట్టింది. సూబాన్ అది చూసి నోరెత్తలేదు. ఆవిడ కళ్ళల్లో అంత భయం కనిపించింది మరి.

ఒకరోజు మధ్యాహ్నం దాటాక కొండమీంచి గాలి విసురుగా వచ్చింది, దాని వెనకే మంచు. కాసేపటికి సూబాన్ గోడ మీంచి చూస్తే అవతల తీగ ఖాళీగా ఊగుతోంది. వాకిట్లో బకెట్టు బోర్లా పడింది. తలుపు బార్లా తెరిచి ఉంది. తలుపు తెరిచి వెళ్ళే మనిషి కాదావిడ.

"దుప్పటి ఎగిరిపోయింది. దాని వెనకే పోయింది" అన్నాడు మామగారు. కొండకేసి చూస్తున్నాడు. అక్కడ, చెట్ల మొదటి వరస మీద, మంచులో తెల్లగా ఏదో కదిలింది. కదిలి, కొంచెం పైకి వెళ్ళింది. ఎవరో కొసపట్టి లాగుతున్నట్టుంది.

ఊళ్ళో తప్పెట మోగింది. మగవాళ్ళు తాళాలూ, రేకు డబ్బాలూ, టపాకాయలూ పట్టుకుని గుడి దగ్గర పోగయ్యారు. ఎర్రటోపీకి చప్పుడంటే పడదంటారు. గుంపు పెద్దదారిన బయల్దేరింది. ముక్కాయన మాత్రం కోడలి చెయ్యి పట్టుకుని గని వెనక సన్నదారిన ఎక్కడం మొదలెట్టాడు.

"ఇటు వాసనొస్తోందా మామయ్యా?"

"నడువు" అన్నాడంతే.

అడవి లోపల వాన చప్పుడు కూడా లేదు. ఆకుల మీద పడ్డ నీళ్ళు ఆకుల మీదే ఉండిపోయినట్టున్నాయి. కింద గుంపు తాళాలు ఒక్కోసారి ఎడమనుంచి వినిపిస్తున్నాయి, ఒక్కోసారి కుడినుంచి, ఒక్కోసారి భూమి లోపలనుంచి. సూబాన్ తనే ఆకులు నలిపి మెడకి రాసుకుంది. జీవితంలో మొదటిసారి ఆ కంపు ఆమెకి దుప్పటి కప్పినంత హాయిగా అనిపించింది.

"సూబాన్."

వెనకనుంచి. ఆడగొంతు. దగ్గర్నుంచే. అమ్మ పిలిచినట్టే ఉంది, చివర్న కాస్త లాగి.

ఆమె తల తిరగబోయింది. మామగారు చేత్తో ఆమె బుగ్గని ముందుకి తిప్పి పట్టుకున్నాడు.

"మీరూ విన్నారా?" అని గుసగుసగా అడిగింది.

"వినలేదు. నువ్వూ వినలేదు. నడువు."

కొంచెం దూరం పోయాక వాగు గట్టు మీద చెప్పులు కనిపించాయి. పక్కపక్కనే, జతగా, ఎవరింటికో చుట్టపుచూపుగా వెళ్ళి గుమ్మంలో విడిచినట్టు. కొసలు లోయవైపు. దాని కింద నిలువుగా జారుడు. మోకాళ్ళ నొప్పుల మనిషి దిగగలిగే చోటు కాదది. మామా కోడళ్ళు వేళ్ళు పట్టుకుని, బురదలో కూర్చుని జారుతూ దిగారు.

అడుగున చిన్న గుంట. చుట్టూ పొదలు, పొదల నిండా నీలిపళ్ళు. మధ్యలో రాతి మీద బోంగ్యో పిన్ని కూర్చుని ఉంది. జుట్టు ఒక్క వెంట్రుక చెదరలేదు. చేతులు నీలం, పెదవులు నీలం, నవ్వితే పళ్ళూ నీలమే.

"రండి రండి" అంది. "ఇప్పుడే వడ్డించారు."

సూబాన్ గుంట చుట్టూ చూసింది.

"ఎవరు పిన్నీ?"

"ఇదిగో, ఈ పిల్లే" అని పక్కన ఖాళీ రాయి చూపించింది బోంగ్యో. "ఎంత శుభ్రమైన పిల్లో చూడు. దగ్గరికెళ్ళి చూశాను కదా, ఏ వాసనా లేదు! మీ మామనే దీన్ని చూసి నేర్చుకోమను."

ఆ రాయి ఖాళీగానే ఉంది. చుట్టూ రాళ్ళన్నీ వానకి తడిసి నల్లగా ఉన్నాయి. ఆ ఒక్కటీ పొడిగా ఉంది.

మామగారు దాని వంక చూడకుండా బోంగ్యో ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆవిడ గుప్పిట్లోని కొమ్మ తీసుకుని కళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. మంచూ, మసక వెలుతురూ. అంచు మీద వేలు నడిపాడు. పళ్ళన్నీ పిన్ని దూసేసింది, ఎక్కడ కాశాయో తెలియడం లేదు. కొమ్మని సూబాన్ ముక్కు కిందికి తోశాడు.

"వాసన చూడు. త్వరగా."

"నేనెందుకు? మీరు చూడండి మామయ్యా! మీ ముక్కుండగా—"

"నా ముక్కా!" అన్నాడు ఆయన పళ్ళ బిగువున. "గనీ నా ముక్కూ ఒకేసారి మూతపడ్డాయే తల్లీ! గని అంటుకున్నప్పుడు ఆ నిప్పుల్లో పోయింది, పెంటకీ పాయసానికీ తేడా తెలిసి ఎన్నేళ్ళయిందో. వేలికేమో నున్నగానే తగులుతోంది, కానీ నా వేళ్ళు బొగ్గు తవ్విన వేళ్ళు, వాటిని నమ్మను. చూడవే అమ్మా!"

సూబాన్‌కి అడగాల్సినవి వంద ఉన్నాయి. ఒక్కటీ అడక్కుండా ఆకు నలిపి పీల్చింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మామగారు ఆమె మొహం చూశాడు. "కోడిపెంట?"

"కోడిపెంటే! ముక్కు ఊడిపోయేంత కోడిపెంట!"

"బతికించింది!" ఆయన ఊపిరి వదిలాడు. "కడుపునొప్పితో పోతుంది. ఆస్పత్రికి ఎలాగూ తీసుకెళ్దాం. కొమ్మ దాచు, చూపించాలి."

అప్పుడు సూబాన్‌కి ఇంకో సంగతి తెలిసింది. ఆకుది కాని వాసన ఇంకొకటి ఉంది అక్కడ. బోంగ్యో పిన్ని లాగూ తడిసి, పాడై ఉంది. అంత సేపు చలిలో, భయంలో, ఆ ముసలి ప్రాణం ఆపుకోలేకపోయింది. ఆవిడకి ఆ క్షణంలోనే సగం తెలివొచ్చినట్టుంది, చేతుల్తో ఒళ్ళు కప్పుకుంటోంది. పైన గట్టు మీద తాళాల మోత దగ్గరపడుతోంది. ఊరు ఊరంతా దిగబోతోంది.

"మామయ్యా, పిన్ని..." అని ఆగిపోయింది.

"నాకు ముక్కే లేదు, కళ్ళున్నాయి" అన్నాడాయన మెల్లగా. "విరుచు. కొమ్మలు విరుచు."

ఇద్దరూ పొదమీద పడ్డారు. చేతికందిన ఆకల్లా నలిపారు. పిన్ని లాగూకి, చొక్కాకి, జుట్టుకి రాశారు. సూబాన్ తనకి తాను పూసుకుంది. మామగారైతే బురదలో ఆకులు కలిపి, నడుం నుంచి కింది దాకా పూసుకుని, ఆ ముద్ద మీద ఓసారి దొర్లి లేచాడు కూడా. బోంగ్యో పిన్ని ఆ కంపుకి మొహం చిట్లించి, చాలా రోజుల తర్వాత మామూలు గొంతుతో అరిచింది.

"తియాన్‌సెంగ్! బుద్ధుందా నీకు?"

గట్టు మీంచి మొదటి మనిషి తొంగిచూశాడు, అంతే వేగంగా తల వెనక్కి తీసుకున్నాడు.

"అమ్మ బాబోయ్! ఏంటీ కంపు!"

"జారి కోడిపెంట చెట్ల మీద పడ్డాంరా ముగ్గురమూ!" అని మామగారు కిందినుంచి రంకె వేశాడు. "చూస్తారేం, తాడెయ్యండి! ముందు వదిన్ని లాగండి!"

పైన నవ్వు లేచింది. భయం పట్టిన గుంపు నవ్వితే ఎలా ఉంటుందో అలా, ఆగకుండా. ముక్కులకి తువాళ్ళు కట్టుకుని దిగారు, పిన్నిని వీపుమీద ఎక్కించుకున్నారు, దారిపొడుగునా ముక్కాయన్ని తిట్టుకుంటూ మోసుకెళ్ళారు. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

ఆస్పత్రిలో డాక్టరు కొమ్మ చూసి, పుస్తకం చూసి, కడుపు కడిగి, ఉదయం దాకా ఉంచి పంపించాడు. మర్నాడు సూబాన్ గుంపులో వాళ్ళని వాకబు చేసింది, మీలో ఎవరైనా నన్ను పేరుపెట్టి పిలిచారా అని. గుంపులో ఆడవాళ్ళే లేరన్నారు. ఆమె మళ్ళీ ఎవర్నీ అడగలేదు. ఎగిరిపోయిన దుప్పటి ఊరికి దూరంగా ఓ చెట్టు చిటారున దొరికింది. నాలుగు మడతలు పెట్టి ఉందని తెచ్చినవాడు ప్రమాణం చేశాడు. వాడు తాగుబోతు కాబట్టి ఊరంతా ఆ మాటని అక్కడితో వదిలేయాలని తీర్మానించుకుంది.

ఆ సాయంత్రం చిలగడదుంప గంజి ముందు పెట్టుకుని సూబాన్ మామగార్ని నిలదీసింది.

"వాసనే తెలియనప్పుడు ఊళ్ళో అందర్నీ ఆ పీల్చడమేంటి మామయ్యా?"

"ఊరుకోవే, మీ ఆయన వింటాడు."

"రైలింకా రాలేదు. చెప్పండి."

ఆయన గంజి కలుపుతూ కూర్చున్నాడు. "వాసన లేనిది మనది కాదని నేర్చుకున్నవాణ్ణి కదా. ముక్కు పోయాక చూస్తే ఏముంది, దేనికీ వాసన లేదు. అప్పటికింకా బతికున్న మీ అత్తకి లేదు, నీ మొగుడికి లేదు, అన్నానికి లేదు. రాత్రి లేస్తే పక్కన పడుకున్నది మనిషో కాదో తెలిసేది కాదు. భయమేసేది. అందుకని దగ్గరికెళ్ళి చూసేవాణ్ణి. మెడ దగ్గర ముక్కు పెడితే వెచ్చగా తగులుతుంది. ఊఁ, మనిషే అని ధైర్యం."

సూబాన్ ఆయన గిన్నెలో ఇంకో గరిటె గంజి పోసింది.

"తర్వాత తర్వాత ఓ సంగతి కనిపెట్టాను" అన్నాడాయన, ఈసారి కొంచెం దొంగనవ్వుతో. "జైలుకెళ్ళొచ్చినవాడు, పందులు కాసేవాడు, రోగమొచ్చినవాడు... వీళ్ళ దగ్గరికి ఎవరూ పోరు. వాళ్ళూ ఎవరి దగ్గరికీ రారు. నేను వెళ్ళి మెడలో ముక్కు పెట్టి 'ఊఁ, బావుంది' అంటే ఊరు నవ్వుతుంది. నవ్వినవాడు కొట్టడు కదా, దూరంగా జరిగి కూర్చోడు కదా. ముక్కు పోయినా పని దొరికింది నాకు."

"మరి నా పెళ్ళినాడు సముద్రం?"

"నువ్వు కీలుంగ్ పిల్లవని పెళ్ళిపత్రికలో ఉందిగా! దానికి ముక్కెందుకు? గంజి చల్లారుతోంది, తిను."

కొద్ది రోజులకి బోంగ్యో పిన్ని కోలుకుంది. కొన్ని రోజులు తెలివిగా ఉండేది, కొన్ని రోజులు మంచులో ఉండేది. ఓ తెలివైన పూట సూబాన్‌ని గోడ దగ్గరికి పిలిచి గొంతు తగ్గించి అడిగింది.

"ఆ రోజు నా బట్టలు ఉతికింది నువ్వేనా?"

"నేనే పిన్నీ."

"అవి... కోడిపెంటేనా?"

"కోడిపెంటే. ఎంత ఉతికినా వదల్లేదు. మామయ్యని చంపేద్దామన్నంత కోపమొచ్చింది."

పిన్ని ఆమె కళ్ళల్లోకి చాలాసేపు చూసింది. నమ్మిందో, నమ్మాలనుకుందో తెలియదు. భుజాలు మాత్రం తేలిగ్గా కిందికి దిగాయి. లోపలికెళ్ళి, గుడ్డలో చుట్టిన చిన్న గాజుసీసా ఒకటి తెచ్చింది.

"పూలనీళ్ళు. నా పెళ్ళప్పటివి. ఇన్నేళ్ళూ బిరడా తియ్యలేదు. ఆ ముసలాడికియ్యి, ఒంటికి రాసుకోమను. నా ఎదురుగా రాసుకోమను, లేకపోతే రాసుకోడు."

మామగారు వాకిట్లోకొచ్చి, బుద్ధిగా బిరడా తీసి, సీసా మొత్తం మెడమీదా చేతులమీదా వంచుకున్నాడు. అది సర్రున గాల్లోకి ఎక్కింది. సూబాన్ ముక్కుపుటాలు మండిపోయాయి. పూలు కాదు, ఏమీ కాదు. అసలు సిసలు బియ్యం వెనిగరు. ఏ మంచుపూటో పిన్ని పూలనీళ్ళు పారబోసి, సీసా శుభ్రంగా కడిగి, వంటింటి జాడీలోంచి నింపుకుని మర్చిపోయినట్టుంది.

"ఎలా ఉంది?" అంది పిన్ని, గోడమీద రెండు చేతులూ ఆనించి, కొత్త పెళ్ళికూతురిలా.

ముక్కాయన కళ్ళు మూసుకుని, చేతిని ముక్కుకి ఆనించి, ప్రాణం పెట్టి పీల్చాడు. మొహమంతా వెలిగింది.

"వదినా! పూలతోటలో పడుకున్నట్టుంది!"

పిన్ని సిగ్గుపడి, కోడలి వైపు తిరిగింది. "నిజమేనా అమ్మాయ్?"

కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నా సూబాన్ తడబడలేదు. "తోట కాదు పిన్నీ, వనం" అంది.

ఆ రోజల్లా మామగారు ముల్లంగి ఊరగాయలా ఘాటెత్తిపోతూ ఊరంతా తిరిగాడు. గుడి దగ్గర, టీ కొట్టు దగ్గర, రైలు ఆగే చోట, కనిపించిన ప్రతివాడికీ మెడ చాచి, "చూడండి, చూడండి, బోంగ్యో వదిన ఇచ్చింది!" అన్నాడు. ఆయన వెనకే గజం దూరంలో సూబాన్, అందరికీ కనుబొమలతో సైగలు చేసుకుంటూ. జనం వంగారు, పీల్చారు, గుటకలు మింగారు, బాగుందన్నారు. ఒక్కరంటే ఒక్కరూ ముక్కు మూసుకోలేదు.